డ్యామ్ లైసెన్స్ సరెండర్ నోటీసు వచ్చిందా? ఫెర్క్‌కి పనికొచ్చే కామెంట్ ఎలా పెట్టాలి

"మా ఇంటి వెనక లేక్ ఉంది, దాని డ్యామ్ లైసెన్స్ వదులుకుంటున్నారట, గ్రూపులో లింక్ పెట్టి అందరూ కామెంట్ చేయమంటున్నారు, ఏం రాయాలో తెలీట్లేదు." అమెరికాలో ఉంటున్న మనవాళ్ల నుంచి ఈ ప్రశ్న నాకు చాలాసార్లే వచ్చింది. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే మొత్తం ఒకచోట రాసేస్తే పోతుందని కూర్చున్నాను.

ఒక అపోహ మాత్రం ముందే వదిలించుకోండి. సరెండర్ అంటే డ్యామ్ కూల్చేయడం కాదు. "ఇక మేం ఇక్కడ కరెంటు తీయం, లైసెన్స్ వెనక్కి తీసుకోండి" అని కంపెనీ ఫెడరల్ ఎనర్జీ రెగ్యులేటరీ కమిషన్‌ని (ఇలాంటి డ్యాములకి లైసెన్సులిచ్చే ఫెడరల్ సంస్థ, అందరూ ఫెర్క్ అంటారు) అడుగుతోంది, అంతే. కానీ కంపెనీ అడిగింది కదా అని వెంటనే అయిపోదు. ఫెడరల్ పవర్ యాక్ట్ సెక్షన్ 6 ప్రకారం 30 రోజుల పబ్లిక్ నోటీసు ఇవ్వాలి, కమిషన్ ఒప్పుకోవాలి, కట్టడాలు ఉంటే వాటిని ఏం చేయాలో షరతులు పెట్టాలి. ఆ షరతులు తీరి సరెండర్ అమల్లోకి వచ్చాక ఆ ప్రాజెక్టు మీద ఫెర్క్‌కి అధికారం ఉండదు, ఆ తర్వాత ఎంత మొత్తుకున్నా వాళ్లు చేయగలిగింది లేదు. అందుకే "నేను అనుకూలం", "నేను వ్యతిరేకం" అని రాయడం కంటే "ఈ షరతు పెట్టండి" అని రాయడం వందరెట్లు నయం.

1. అసలు ఏం వదులుకుంటున్నారో తేల్చుకోండి

నోటీసులన్నీ ఒకలాగే కనిపిస్తాయి గానీ లోపల సంగతి వేరు.

- ప్రిలిమినరీ పర్మిట్: ఇది కట్టుకోవడానికి అనుమతి కాదు. ఆ స్థలంలో స్టడీలు చేసుకుంటూ లైసెన్స్ దరఖాస్తుకి వరసలో ముందుండే హక్కు మాత్రమే. దీన్ని వదులుకుంటే పర్యావరణ సమీక్ష మామూలుగా ఉండదు. మీరు రాయాల్సింది కూడా పెద్దగా ఉండదు.
- లైసెన్స్ ఉంది, ఇంకా ఏమీ కట్టలేదు, నేల తవ్వలేదు: ఇదీ ఫెర్క్ నిబంధనల్లో సమీక్ష నుంచి మినహాయింపు జాబితాలోనే ఉంటుంది.
- లైసెన్స్ లేదా ఎగ్జెంప్షన్ (చిన్న ప్రాజెక్టులకి లైసెన్స్ నుంచి ఇచ్చే మినహాయింపు) ఉంది, డ్యామ్, పవర్‌హౌస్ నిలబడి ఉన్నాయి: అసలు పని ఇక్కడే. ఎన్విరాన్‌మెంటల్ అసెస్‌మెంట్ (పర్యావరణ సమీక్ష నివేదిక) తయారవుతుంది, వ్యవహారం పెద్దదైతే ఇంకా లోతైన ఎన్విరాన్‌మెంటల్ ఇంపాక్ట్ స్టేట్‌మెంట్ అవుతుంది.

మీ డ్యామ్ ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్‌దో, బ్యూరో ఆఫ్ రిక్లమేషన్‌దో అయితే ఆ డ్యామ్‌కి ఫెర్క్ లైసెన్స్ ఉండదు. దాని పక్కన ప్రైవేటు వాళ్లు పెట్టుకున్న పవర్‌హౌస్‌కి మాత్రమే ఉంటుంది. అలాంటి చోట "డ్యామ్ తీసేస్తారా" అని కంగారు పడి టెన్షన్ తెచ్చుకున్నవాళ్లని చూశాను, అనవసరం.

2. నోటీసులో ముందు మూడు చోట్ల చూడండి

ఫెర్క్ నోటీసులో విషయాలు ఏ, బీ, సీ అని అక్షరాల వరసలో ఉంటాయి. మొత్తం చదవండి, కాదనను, కానీ మొదట ఈ మూడూ కాగితం మీద రాసి పెట్టుకోండి.

- డాకెట్ నంబర్, అంటే ఈ వ్యవహారం ఫైలు నంబర్. "పీ" అక్షరం, గీత, ప్రాజెక్టు నంబర్, మళ్లీ గీత, చివర మూడు అంకెలు. ప్రాజెక్టు నంబర్ ఎప్పుడూ ఒకటే ఉంటుంది, చివరి మూడంకెలు మాత్రం ఈ ఒక్క వ్యవహారానివి.
- కామెంట్లకీ, ఇంటర్వెన్షన్‌కీ (కేసులో పార్టీగా చేరడం, 9లో చెబుతాను) గడువు. మామూలుగా "జె" దగ్గర ఉంటుంది.
- కంపెనీ ఏం చేస్తానంటోందో ఒక పేరా. మామూలుగా "కె" దగ్గర. డ్యామ్ ఉంచి టర్బైన్లు మాత్రం తీసేస్తారా, గేట్లు తెరిచి వదిలేస్తారా, మొత్తం పడగొడతారా అన్నది ఇక్కడే తెలుస్తుంది.

ఆ చివరి మూడంకెల్ని తేలిగ్గా తీసుకోకండి. నాకు తెలిసినాయన ఒకరు రెండు రాత్రులు కూర్చుని చక్కటి కామెంట్ రాసి, సెర్చ్‌లో మొదట కనిపించిన డాకెట్‌కి పంపేశారు. తీరా చూస్తే అది అదే ప్రాజెక్టుకి సంబంధించిన పాత రీలైసెన్సింగ్ (లైసెన్స్ గడువు తీరాక కొత్తది తీసుకోవడం) వ్యవహారం.

3. కాగితాలు దింపుకోండి

ఫెర్క్ వెబ్‌సైట్లో ఈ-లైబ్రరీ అని ఉంటుంది. ప్రాజెక్టు నంబర్ కొట్టి, నోటీసులో ఉన్న దరఖాస్తు తేదీ దగ్గర్నుంచి వెతకండి. దింపుకోవాల్సినవి:

- సరెండర్ దరఖాస్తు, దానికి జత చేసిన డీకమిషనింగ్ ప్లాన్ (ప్రాజెక్టుని ఎలా మూసేస్తారో చెప్పేది)
- ఫెర్క్ స్టాఫ్ "ఇంకా ఈ సమాచారం ఇవ్వండి" అని కంపెనీకి రాసిన ఉత్తరాలు, వాటికి వచ్చిన జవాబులు
- రాష్ట్ర మత్స్య శాఖ, వన్యప్రాణి శాఖ, గిరిజన తెగల ప్రభుత్వాలు రాసిన ఉత్తరాలు
- ఇప్పుడున్న లైసెన్స్ ఆర్డర్ (పాతదే, కానీ చాలా అవసరం)

స్టాఫ్ రాసిన ఉత్తరాలు ఎవరూ తెరవరు. నన్నడిగితే ముందు చదవాల్సింది అవే. దరఖాస్తులో బొక్కలు ఎక్కడున్నాయో ఫెర్క్ ఇంజనీర్లే వాటిలో వేలు పెట్టి చూపిస్తారు.

కొన్ని డ్రాయింగులు, డ్యామ్ సేఫ్టీ రిపోర్టులు తెరుచుకోవు. భద్రతా కారణాలతో వాటిని బయటపెట్టరు, మీ కంప్యూటర్‌లో ఏ లోపమూ లేదు. ఇక ఈ-సబ్‌స్క్రిప్షన్‌లో మీ డాకెట్ చేర్చుకుంటే కొత్త కాగితం పడినప్పుడల్లా మెయిల్ వస్తుంది. ఇది ఇవాళే చేయండి.

4. గడువు ఒకటి కాదు

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. దరఖాస్తు అందిందని ఇచ్చే నోటీసుకి ఒక గడువు, తర్వాత ఎన్విరాన్‌మెంటల్ అసెస్‌మెంట్ వచ్చినప్పుడు దాని మీద కామెంట్లకి ఇంకో గడువు. "అసెస్‌మెంట్ వచ్చాక తాపీగా రాద్దాంలే" అని మొదటిదాన్ని వదిలేస్తారు. ఇంటర్వెన్షన్ గడువు ఆ మొదటి నోటీసుదే. పైగా అసెస్‌మెంట్‌లో ఏ అంశాలు చూడాలో స్టాఫ్ అప్పటికే నిర్ణయించేసుకుని ఉంటారు. మీ బావి సంగతి మొదటి విడతలో చెబితే దాని మీద నాలుగు పేరాలు రాస్తారు, రెండో విడతలో చెబితే నాలుగు లైన్ల జవాబుతో సరిపెట్టొచ్చు.

గడువు రోజు సాయంత్రం 5 గంటలు అంటే వాషింగ్టన్ టైమ్. పశ్చిమ తీరంలో ఉన్నవాళ్లకి అది మధ్యాహ్నం 2. ఈ పాఠం నాకు ఊరికే రాలేదు. కాలిఫోర్నియాలో కూర్చుని, అర్ధరాత్రి దాకా టైముందనుకుని, కాఫీ తాగుతూ మూడూ నలభైకి సబ్మిట్ నొక్కాను. మర్నాటి తేదీతో ముద్ర పడింది.

5. అసెస్‌మెంట్ చదివే వరస

2023లో చట్టం మార్చాక అసెస్‌మెంట్‌కి అనుబంధాలు కాకుండా 75 పేజీల పరిమితి పెట్టారు కాబట్టి మరీ భారతమంత ఉండదు. అయినా మొదటి పేజీ నుంచి మొదలుపెడితే పదో పేజీకి నిద్రొస్తుంది. నేను చదివే వరస ఇది.

ముందు "ప్రపోజ్డ్ యాక్షన్", అంటే కంపెనీ చేస్తానన్నది. తర్వాత స్టాఫ్ చేర్చిన మార్పులు. ఈ రెంటి మధ్య తేడా ఒక కాగితం మీద రాసుకోండి. కంపెనీ చేయనన్నదీ స్టాఫ్ చేయాలన్నదీ ఏదుందో అదే ఈ వ్యవహారంలో గట్టి పేచీ, మీ బలం అక్కడ పెట్టాలి.

తర్వాత "నో యాక్షన్". సరెండర్‌లో దీని అర్థం చాలామందికి తలకిందులుగా ఎక్కుతుంది. ఏమీ చేయకపోవడం అంటే సరెండర్ ఒప్పుకోకపోవడం, అంటే లైసెన్స్ కొనసాగుతుంది, అందులోని బాధ్యతలూ కొనసాగుతాయి. "నో యాక్షన్ కావాలి" అని రాస్తే నష్టాల్లో ఉన్న కంపెనీని బలవంతంగా డ్యామ్ నడపమంటున్నారన్నమాట. తెలిసి రాస్తే సరే.

ఆ తర్వాత మీకు సంబంధించిన అంశాలు మాత్రమే తీయండి: నీటి మట్టం, నీటి నాణ్యత, చేపలు, చిత్తడి నేలలు, అంతరించిపోతున్న జీవులు, రిక్రియేషన్, చారిత్రక కట్టడాలు. చదివేటప్పుడు ఒక భాగంలో చెప్పిన అంకె ఇంకో భాగంలో చెప్పిన మాటతో పొసగుతోందా లేదా అని చూడండి. ఒక్కో భాగం ఒక్కో నిపుణుడు రాస్తారు కదా, అతుకులు అక్కడే విడిపోతాయి.

6. ఏం అడగాలి

మీ చోటుకి సరిపోయేవి ఏరుకోండి, అన్నీ అడగాలని లేదు.

*డ్యామ్ ఉంచేస్తుంటే:* రేపట్నుంచి దాన్ని తనిఖీ చేసేదెవరు? రాష్ట్ర డ్యామ్ సేఫ్టీ శాఖ తీసుకుంటానని రాతపూర్వకంగా ఒప్పుకుందా? స్పిల్‌వే (వరద నీళ్లు పొర్లిపోయే దారి) సామర్థ్యం రాష్ట్ర ప్రమాణాలకి సరిపోతుందా? మరమ్మతుల డబ్బు ఎవరిది? ఇవి ఉత్తుత్తి భయాలు కావు. మిషిగన్‌లో ఈడెన్‌విల్ డ్యామ్ వరద నీటిని సరిపడా వదల్లేదన్న కారణంతో ఫెర్క్ 2018లో లైసెన్స్ రద్దు చేసింది, పర్యవేక్షణ రాష్ట్రానికి మారింది, 2020 మే 19న డ్యామ్ తెగింది. అది రద్దు, సరెండర్ కాదు, నిజమే. కానీ ఫెర్క్ తప్పుకున్న రోజున ఆ డ్యామ్ ఎవరి చేతిలో పడుతోంది, వాళ్ల దగ్గర డబ్బుందా అన్న ప్రశ్న రెండు చోట్లా ఒకటే.

*డ్యామ్ తీసేస్తుంటే:* వెనక పేరుకున్న పూడిక ఎంత, అందులో ఏముంది, ఎటు పోతుంది, ఏ నెలలో వదులుతారు? చుట్టుపక్కల బావుల్లో నీళ్లు తగ్గితే బాధ్యత ఎవరిది? బయటపడ్డ నేలలో ఏం నాటుతారు, కలుపు ఎన్నేళ్లు తీస్తారు? క్లామత్ నది మీద నాలుగు డ్యాములకి 2022 నవంబర్‌లో సరెండర్ ఆర్డర్ వచ్చింది, 2024లో డ్యాముల తొలగింపు ముగిసింది. అక్కడ కూడా వాదన "తీయాలా వద్దా" దగ్గరే ఆగిపోలేదు. పూడిక, బావులు, నేల బాగుచేత, ఒక్కోదానికీ విడిగా ప్లాన్ రాయాల్సి వచ్చింది. వాషింగ్టన్ రాష్ట్రంలో కాండిట్ డ్యామ్‌ని 2011 అక్టోబర్‌లో అడుగున సొరంగం పేల్చి తెరిస్తే, వెనకున్న లేక్ కొద్ది గంటల్లోనే ఖాళీ అయిపోయింది. ఒడ్డున కేబిన్లున్నవాళ్లకి కిందెక్కడో పారే నది మిగిలింది.

*నీళ్లు మళ్లిస్తుంటే:* దిగువన ఎవరు ఆధారపడ్డారు? కాలిఫోర్నియాలో పాటర్ వ్యాలీ ప్రాజెక్టు చూడండి. ఈల్ నది నీళ్లు ఆ ప్రాజెక్టు సొరంగం గుండా రష్యన్ నది వైపు వెళ్తాయి, 2025 జూలైలో దాన్ని నడిపే కరెంటు కంపెనీ పీజీ అండ్ ఈ దాని సరెండర్‌కి దరఖాస్తు వేసింది. అక్కడ పక్క నది కింద ఉన్న రైతులకి కూడా ఇది తమ వ్యవహారమే.

*ఫెడరల్ భూమి ఉంటే:* లైసెన్స్ ఉన్నవాళ్లు ఆ భూమిని సంబంధిత శాఖ తృప్తిపడేలా బాగుచేసి ఇవ్వాలని నిబంధనల్లోనే ఉంది. ఏ మేరకు, ఎప్పటికల్లా అని అడగండి.

7. కామెంట్ రాయడం

ఫైల్ చేసేది ఇంగ్లిష్‌లోనే చేయండి, తెలుగులో ముందు ఆలోచించుకుని చిత్తు రాసుకోవడానికి ఎవరూ అడ్డు చెప్పరు. ఒక అంశానికి నాలుగు ముక్కలు చాలు: నేనెవరు, మీ కాగితంలో ఏముంది, నాకు తెలిసింది ఏమిటి, ఏ షరతు కావాలి.

పనికిరాని కామెంట్ ఇలా ఉంటుంది: "ఈ లేక్ మా పిల్లలకి ప్రాణం. దయచేసి మా లేక్‌ని కాపాడండి."

పనికొచ్చేది ఇలా ఉంటుంది (అంకెలు ఊహించి రాశాను):

"నేను లేక్ పడమటి ఒడ్డున ఉంటాను, వారానికి రెండుసార్లు పబ్లిక్ ర్యాంప్ నుంచి పడవ దింపుతాను. అసెస్‌మెంట్ రిక్రియేషన్ భాగంలో ర్యాంప్ యథాతథంగా వాడుకోవచ్చని రాశారు. నీటి మట్టం భాగంలో మాత్రం గేట్లు తెరిచి ఉంచితే మట్టం 5 అడుగులు తగ్గుతుందని ఉంది. ర్యాంప్ కాంక్రీటు ఇప్పటి మట్టానికి 3 అడుగుల కిందే ముగుస్తుంది. అంటే ర్యాంప్ చివరికీ నీళ్లకీ మధ్య 2 అడుగుల ఎత్తున బురద మిగులుతుంది. సరెండర్ అమల్లోకి రాకముందే ర్యాంప్ పొడిగించాలని షరతు పెట్టండి. కొలత చూపించే ఫొటో జతచేశాను."

రెండో కామెంట్‌కి స్టాఫ్ జవాబు రాయక తప్పదు, ఎందుకంటే తప్పు వాళ్ల కాగితంలోనే ఉంది. ఫొటో తీసేటప్పుడు పక్కన కొలత టేపు పెట్టండి, తేదీ రాయండి.

గ్రూపులో తిరిగే రెడీమేడ్ ఉత్తరం కింద పేరు మార్చి పంపేవాళ్లకి ఒక మాట: ఇక్కడ ఓట్ల లెక్క లేదు. ఒకే ఉత్తరం మూడొందల సార్లు వచ్చినా దానికి జవాబు ఒకసారే రాస్తారు.

8. పంపే దారి

*ఈ-కామెంట్:* రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. పేరు, మెయిల్, అడ్రస్ ఇస్తే మెయిల్‌కి లింక్ వస్తుంది, అందులో డాకెట్ ఎంచుకుని రాయడమే. 6,000 క్యారెక్టర్ల పరిమితి. ఫొటోలు జతచేయడం కుదరదు.

*ఈ-ఫైలింగ్:* ముందు రిజిస్టర్ అవ్వాలి. ఫైళ్లు, ఫొటోలు, మ్యాపులు అన్నీ పంపొచ్చు. పంపాక అందిందని ఒక మెయిల్, స్వీకరించామని ఇంకో మెయిల్ వస్తాయి. రెండోది వచ్చేదాకా పని అయిపోయిందని అనుకోకండి.

పోస్టులో కూడా పంపొచ్చు. అయితే మామూలు పోస్టుకి ఒక అడ్రస్, కొరియర్‌కి వేరే అడ్రస్ ఉంటాయి, నోటీసు చివర చూసి రాయండి.

మీరు గ్రీన్ కార్డా, వీసానా, సిటిజనా అని ఈ ఫారాల్లో అడగరు. కానీ మీరు పంపింది పబ్లిక్ రికార్డులోకి పోతుంది, కాబట్టి ఉత్తరంలో పిల్లల పేర్లూ ఫోన్ నంబర్లూ రాయకండి.

నొక్కేముందు ఒకసారి చూసుకోండి:

☐ పైన డాకెట్ నంబర్, చివరి మూడంకెలతో సహా
☐ "కామెంట్స్", "ప్రొటెస్ట్", "మోషన్ టు ఇంటర్వీన్" వీటిలో ఏదో పెద్దక్షరాల్లో శీర్షిక
☐ పేజీ నంబర్ లేదా భాగం పేరు చెప్పి ప్రస్తావన
☐ ప్రతి అంశం చివర ఒక స్పష్టమైన షరతు
☐ వాషింగ్టన్ టైమ్ చూసుకున్నాను

9. కామెంట్ పెడితే పార్టీ అయిపోరు

రేపు ఆర్డర్ నచ్చకపోతే మళ్లీ విచారించమని అడగడానికీ, ఆ తర్వాత కోర్టుకి పోవడానికీ ఆ కేసులో పార్టీ అయినవాళ్లకే వీలుంటుంది. వంద కామెంట్లు పెట్టినా పార్టీ కారు. దానికి విడిగా మోషన్ టు ఇంటర్వీన్ వేయాలి, అది ఈ-కామెంట్‌లో కుదరదు, ఈ-ఫైలింగ్‌లోనే.

లాయర్ తప్పనిసరి కాదు. ఒకటిన్నర పేజీ చాలు. ఈ వ్యవహారంతో మీకున్న సంబంధం ఏమిటి, దీని ఫలితం మీ మీద నేరుగా ఎలా పడుతుంది, మీ వైఖరి ఏమిటి అని రాసి కంపెనీకీ, సర్వీస్ లిస్టులో (ఆ కేసులో కాపీలు అందాల్సినవాళ్ల జాబితా) ఉన్నవాళ్లకీ కాపీ పంపాలి. గడువులోపు వేసి, 15 రోజుల్లో ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే మీరు పార్టీ అయిపోయినట్టే. ఆ తర్వాత మీరు ఏం ఫైల్ చేసినా ఆ లిస్టు మొత్తానికీ కాపీ పంపుతూ ఉండాలి, అదొక చాకిరీ, ముందే తెలిసి దిగండి. లేక్ చుట్టూ పదిమంది ఉంటే అసోసియేషన్ పేరు మీద ఒకరు వేయడం సుఖం.

గడువు దాటిందా? ఆలస్యానికి సరైన కారణం చూపించి అడగొచ్చు, ఇస్తారన్న భరోసా లేదు. వ్యవహారం డ్రాఫ్ట్ ఇంపాక్ట్ స్టేట్‌మెంట్ దాకా వెళితే దాని కామెంట్ గడువులోపు ఆ స్టేట్‌మెంట్ ఆధారంగా వేసిన మోషన్‌ని సకాలంలో వేసినట్టే లెక్కిస్తారు. మామూలు అసెస్‌మెంట్ అయితే ఈ వెసులుబాటు ఉందనుకోకండి.

10. తరచూ జరిగే తప్పులు, సర్దుబాట్లు

*తప్పు డాకెట్‌కి పంపారు:* సరైన డాకెట్‌కి మళ్లీ పంపండి, మొదటి లైన్లో ఆ సంగతి చెప్పండి. పాతది ఎవరైనా అటు మారుస్తారని కూర్చోవద్దు.

*ఇంటి ధర పడిపోతుందన్న ఒక్క మాటే రాశారు:* అది నిజమైన బాధే, కానీ దాన్నుంచి షరతు పుట్టదు. ధర ఎందుకు పడుతుంది? బురద, వాసన, దోమలు, ఒడ్డు విరిగిపడటం. వాటి మీద రాయండి, వాటికి షరతులు పెట్టగలరు.

*ఫెర్క్‌ని అడగకూడనిది అడిగారు:* నీటి హక్కులు రాష్ట్రం చేతిలో ఉంటాయి. క్లీన్ వాటర్ యాక్ట్ సెక్షన్ 401 సర్టిఫికేషన్ (నీటి నాణ్యత మీద ఇచ్చే ధ్రువీకరణ) అవసరమైన చోట దాని ప్రక్రియ కూడా రాష్ట్రానిదే, దానికి వేరే నోటీసు, వేరే గడువు. నీటి నాణ్యత మీద మీ కామెంట్‌ని కాస్త మార్చి అక్కడ కూడా వేయండి.

11. ఆర్డర్ వచ్చిన రోజు

ముందు చివరి పేజీలు తెరవండి. ఒప్పుకుంటున్నాం అన్న వాక్యం కింద ఏ, బీ, సీ అని షరతులు వరసగా ఉంటాయి. మీరడిగింది ఉందా, ఉంటే ఎన్ని రోజుల గడువుతో ఉందో చూడండి. లేకపోతే, మీరు పార్టీ అయితే, ఆర్డర్ తేదీ నుంచి 30 రోజుల్లో రీహియరింగ్ (మళ్లీ విచారణ) అడగాలి. ఈ 30 రోజులు చట్టంలోనే ఉన్నాయి, ఎవరూ పొడిగించలేరు. ఆ అంశాన్ని ముందే కామెంట్‌లో లేవనెత్తి ఉంటే పట్టు ఉంటుంది.

ఆర్డర్ రాగానే లైసెన్స్ ఆ క్షణమే పోదని గుర్తుంచుకోండి. చాలా చోట్ల షరతులన్నీ పూర్తయ్యాయని ఫెర్క్ చెప్పాకే సరెండర్ అమల్లోకి వస్తుంది. ఈలోపు కంపెనీ ప్లాన్లు, ఫొటోలు, రిపోర్టులు అదే ప్రాజెక్టు నంబర్ కింద ఫైల్ చేస్తూ ఉంటుంది. మూడెకరాల్లో మొక్కలు నాటుతామన్న చోట ఒక ఎకరంలోనే నాటారని, ర్యాంప్ పొడిగించామన్నారు గానీ అది ఇంకా బురదలోనే ఉందని ఫొటోతో రాయడానికి అదే సమయం. సరెండర్ అమల్లోకి వచ్చిందన్న లెటర్ డాకెట్‌లో పడేదాకా సబ్‌స్క్రిప్షన్ తీసేయకండి.